ఆకాశానికి ఫొటో: టెలిస్కోపు కొనడానికి ముందు తెలుసుకోవలసిన లెక్క

“మా అబ్బాయి టెలిస్కోపు కావాలంటున్నాడు, ఎంతలో కొనమంటారు?” స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఇవ్వడానికి వచ్చే తల్లిదండ్రుల్లో కొందరు ఈ మధ్య అడుగుతున్న ప్రశ్న ఇది. ఎర్రగా, నీలంగా మెరిసే నీహారికల ఫొటోలు పిల్లలు ఎక్కడో చూస్తారు. అవి ఎవరో మామూలు మనుషులు ఇంటి డాబా మీద నుంచి తీసినవని తెలుస్తుంది. ఇక మనసు టెలిస్కోపు మీదికి పోతుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది కామర్స్. ఖగోళశాస్త్రం పాఠం చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఈ ఫొటోల వెనక జరిగే పనిలో ఎక్కువ భాగం సగటులు, తీసివేతలు, భాగహారాలే కాబట్టి ఆ భాగం ధైర్యంగా చెప్పగలను.

ముందుగా జవాబు: టెలిస్కోపు ఇప్పుడే కొనకండి. అప్పు చేసి గానీ వాయిదాల మీద గానీ అసలే కొనకండి. ఒక పాత కెమెరా, గట్టి స్టాండు, ఇంట్లో ఉన్న కంప్యూటరు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు ఉంటే మొదటి రెండేళ్ళకు సరిపోతుంది. ఎందుకు సరిపోతుందో అర్థం కావాలంటే ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూడాలి. మన ఉదాహరణ మృగశిర నీహారిక. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని ఒరయన్ నెబ్యులా అనీ, ఎం 42 అనీ అంటారు.

డిసెంబరు నుంచి మార్చి వరకు రాత్రి తొలి జాముల్లో ఆకాశంలో వరసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. మన పల్లెల్లో వాటిని గొల్లకావడి అనేవారు. వాటికి పక్కగా కత్తి వేలాడినట్టు మరికొన్ని మసక చుక్కలుంటాయి. ఆ కత్తి మధ్యలో చుక్కలా కాక చిన్న మేఘంలా కనిపించేదే ఈ నీహారిక. సుమారు 1,300 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయువుల రాశి అది. దీన్ని మొదటిసారి ఫొటో తీసినవాడు అమెరికాకు చెందిన హెన్రీ డ్రేపర్. 1880 సెప్టెంబరు 30న 11 అంగుళాల టెలిస్కోపుతో సుమారు 51 నిమిషాల సేపు ప్లేటుకు వెలుగు పట్టించాడు. మూడేళ్ళ తరువాత, 1883లో, లండన్ దగ్గర ఈలింగ్‌లో ఆండ్రూ కామన్ అనే శానిటరీ ఇంజనీరు తన సొంత 36 అంగుళాల టెలిస్కోపుతో ఇంకా మంచి ఫొటో తీశాడు. కంటికి కనిపించని చుక్కలు కూడా అందులో పడ్డాయి. వృత్తి వేరు, ఇది అతని సరదా. అయినా 1884లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ అతనికి బంగారు పతకం ఇచ్చింది. వాళ్ళకు అంత పెద్ద పరికరాలు ఎందుకు కావలసి వచ్చాయంటే, ఒక్క ప్లేటు మీదే మొత్తం వెలుగు పట్టాలి. మనకు ఆ నిర్బంధం లేదు. చిన్న చిన్న ఫొటోలు వందలకొద్దీ తీసి కంప్యూటరులో కలపవచ్చు. ఈ కలపడాన్నే స్టాకింగ్ అంటారు.

కెమెరాలో ప్రతి చిన్న గడికీ, అంటే ప్రతి పిక్సెల్‌కూ, ఒక అంకె నమోదవుతుంది. అంత చీకట్లో తీసిన ఫొటోలో ఆ అంకె నమ్మదగ్గది కాదు. అసలు విలువ 20 అయితే ఒకసారి 26 రావచ్చు, ఇంకోసారి 15 రావచ్చు. ఈ ఎగుడుదిగుడునే నాయిస్ అంటారు. తెర మీద అది ఇసక చల్లినట్టు కనిపిస్తుంది. ఒకే పిక్సెల్‌కు పది ఫొటోల్లో వచ్చిన అంకెలు ఇవి అనుకోండి: 26, 15, 23, 12, 19, 25, 17, 21, 14, 24. మొత్తం 196, సగటు 19.6. ఏ ఒక్క అంకెనో నమ్మితే ఎనిమిది దాకా తేడా రావచ్చు. పదింటినీ కలిపితే తేడా అర కన్నా తక్కువ. క్యాష్ కౌంటర్‌లో చిల్లర ఒకరోజు రూపాయి ఎక్కువ, మరొకరోజు రూపాయి తక్కువ వచ్చినా ఏడాది మొత్తానికి అవి చాలావరకు సర్దుకుంటాయి. ప్రతి నెలా తప్పకుండా పడే వడ్డీ మాత్రం పోగవుతూనే ఉంటుంది. నీహారిక వెలుగు ఆ వడ్డీ లాంటిది.

నాయిస్ ఎంత తగ్గుతుందనే దానికి సూత్రం ఉంది. ఫొటోల సంఖ్యకు వర్గమూలం ఎంతో, ఫొటో అన్ని రెట్లు శుభ్రపడుతుంది. 100 ఫొటోలు కలిపితే 10 రెట్లు, 400 కలిపితే 20 రెట్లు. నాణ్యత రెట్టింపు కావాలంటే పని నాలుగింతలు చేయాలన్నమాట. అందుకే మొదటి వంద ఫొటోలు ఇచ్చే లాభం తరువాతి వంద ఇవ్వదు.

ఇక్కడ ఇంకో చిక్కు వస్తుంది. మధ్యలో ఒక విమానమో, ఉపగ్రహమో గీత గీసుకుంటూ పోయింది. పై వరసలో చివరి అంకె 24కు బదులు 240 పడింది. ఇప్పుడు మొత్తం 412, సగటు 41.2. అసలు విలువ 20 కదా, అంటే రెట్టింపు దాటిపోయింది. ప్లస్ టూ కామర్స్‌లో చదివిన మధ్యగతం, అంటే మీడియన్, ఇక్కడ ఆదుకుంటుంది. అంకెలను వరసలో పెట్టండి: 12, 14, 15, 17, 19, 21, 23, 25, 26, 240. మధ్యలో ఉన్నవి 19, 21. వాటి సగం 20. ఆ 240 ఎంత పెద్దదైనా ఫలితాన్ని కదిలించలేదు. ఫొటోలు బాగా ఎక్కువ ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్లు ఇంకొంచెం మెరుగైన పద్ధతి వాడతాయి. క్రమవిచలనం లెక్కగట్టి, సగటుకు మరీ దూరంగా ఉన్న అంకెలను కొట్టేసి, మిగిలినవాటికి సగటు తీస్తాయి. దీని పేరు సిగ్మా క్లిప్పింగ్. స్టాటిస్టిక్స్ పేపరు చూసి భయపడే పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ చూపించండి. సగటుకూ మధ్యగతానికీ తేడా జన్మలో మరిచిపోరు.

ఇక ఫొటో తీయడం. భూమి తిరుగుతుంది కాబట్టి నక్షత్రాలు సెకండుకు సుమారు 15 ఆర్క్ సెకండ్లు జరుగుతాయి. ఒక డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకండు. కెమెరా కదలకుండా ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్క గీతగా మారుతుంది. ఎంతసేపు తెరవవచ్చో చెప్పడానికి పాతకాలంలో 500 సూత్రం వాడేవారు. 500ను లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చేదే సెకండ్లు. చిన్న సెన్సార్ ఉన్న సాధారణ కెమెరాలకు ఫోకల్ లెంగ్త్‌ను ముందు 1.5తో హెచ్చించాలి. 50 మి.మీ. లెన్సుకు 75 అవుతుంది, ఆరున్నర సెకండ్లు వస్తాయి. ఇది ఫిలిం రోజులకు సరిపోయింది గానీ ఇప్పటి సెన్సార్లకు కాస్త ఉదారమైన లెక్కే. పిక్సెల్ వెడల్పు 4 మైక్రాన్లు అయితే 206ను 4తో హెచ్చించి 50తో భాగించండి. ఒక పిక్సెల్ ఆకాశంలో సుమారు 16.5 ఆర్క్ సెకండ్లు ఆక్రమిస్తుంది. ఆరున్నర సెకండ్లలో చుక్క దాదాపు ఆరు పిక్సెళ్ళు జరుగుతుంది. అది కంటికి తెలిసిపోతుంది. 500కు బదులు 300 వేసుకుని 4 సెకండ్లకు ఆగితే చుక్క చుక్కగానే ఉంటుంది. అదే 200 మి.మీ. లెన్సు పెడితే ఒక్క సెకండే. పెద్ద లెన్సు మీద ఆశ పడేవారు ఈ సంగతి గమనించాలి.

కెమెరా పాతదైనా ఫరవాలేదు. మార్చుకోగల లెన్సు, చేతితో అన్నీ సెట్ చేసే వీలు, రా ఫైలు సౌకర్యం ఉంటే చాలు. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ఇప్పటికి ఎన్ని ఫొటోలు తీసిందో షట్టర్ కౌంటు చూపించమనండి. చీకటి గదిలో మూత పెట్టి 10 సెకండ్ల ఫొటో ఒకటి తీసి, పెద్దది చేసి, తెల్ల చుక్కలు మరీ ఎక్కువ ఉన్నాయేమో చూడండి. రా ఫైలు ఎందుకంటే, చాలా కెమెరాల్లో అది 14 బిట్లది. ఒక్కో పిక్సెల్‌కు 16,384 మెట్లుంటాయి. జేపెగ్‌లో 256 మెట్లే. మనం వెతికే వెలుగంతా అడుగు మెట్ల మీదే ఉంటుంది కాబట్టి మెట్లు సన్నగా ఉండాలి. ఖరీదైన ఫోన్లలో కూడా రా సౌకర్యం ఉంటోంది. చేతి సెట్టింగులు పెట్టి స్టాండు మీద నిలిపితే వాటితోనూ అభ్యాసం చేయవచ్చు.

కెమెరాను స్టాండుకు బిగించి, ఆటో ఫోకస్ ఆపేసి, తెర మీద ఒక ప్రకాశమైన నక్షత్రాన్ని పెద్దది చేసి, అది అతి చిన్న చుక్క అయ్యేదాకా చేత్తో ఫోకస్ తిప్పాలి. లెన్సు మీది అనంతం గుర్తును నమ్మకూడదు. కుదిరాక రింగు కదలకుండా టేపు అంటించండి. లెన్సు 1.8 దాకా తెరుచుకునేదైనా 2.8 దగ్గర పెడితే అంచుల్లోని చుక్కలు చెదరవు. ఐ.ఎస్.ఓ. 1600, 4 సెకండ్లు, 300 ఫొటోలు. మొత్తం వెలుగు పట్టిన సమయం 1,200 సెకండ్లు, అంటే 20 నిమిషాలు. వేలితో నొక్కితే కెమెరా కదులుతుంది, కాబట్టి టైమర్ ఉన్న రిమోట్ వాడండి. ఒక్కో రా ఫైలు 25 ఎం.బి. అనుకుంటే ఆ రాత్రి పని 7.5 జి.బి. మెమరీ కార్డు ముందే ఖాళీ చేసుకోవాలి.

సామాను సర్దేముందు మరో మూడు రకాల ఫొటోలు తీయాలి. చాలామంది బద్ధకించేది ఇక్కడే. లెన్సుకు మూత పెట్టి, అదే ఐ.ఎస్.ఓ., అవే 4 సెకండ్లతో ఓ ముప్పై తీయండి. ఇవి డార్క్ ఫ్రేములు. సెన్సార్ వేడికి తనంతట తాను పోగుచేసుకున్న దొంగ వెలుగు ఇందులో పడుతుంది. అదే రాత్రి, అదే చల్లదనంలో తీయాలి. మూత తీయకుండానే కెమెరాలో ఉన్న అతి తక్కువ సమయంతో మరో ముప్పై తీస్తే అవి బయాస్ ఫ్రేములు. మూడోవి ఫ్లాట్ ఫ్రేములు. తెల్లవారాక, ఫోకస్ కదపకుండా, లెన్సు మీద తెల్లటి గుడ్డ సమంగా పరిచి ఆకాశం వైపు చూపి తీయాలి. లెన్సు అంచుల్లో వచ్చే నీడ, సెన్సార్ మీది దుమ్ము వీటిలో బయటపడతాయి. డార్క్‌ను తీసివేస్తాం, ఫ్లాట్‌తో భాగిస్తాం. ఖాతాలో ముందునుంచీ ఉన్న నిల్వను తీసేస్తే గానీ ఈ ఏడాది రాబడి తేలనట్టే ఇదీ.

ఆ తరువాతి పని కంప్యూటరుది. విండోస్ ఉంటే డీప్‌స్కైస్టాకర్, ఏ కంప్యూటరైనా సరే అంటే సిరిల్. రెండూ ఉచితమే. ఒక్కో ఫొటోలో చుక్కలు కాస్త కాస్త జరిగి ఉంటాయి కదా, సాఫ్ట్‌వేరు ఆ చుక్కలనే ఆనవాళ్ళుగా పెట్టుకుని అన్నిటినీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, మనం చెప్పుకున్న సగటు తీస్తుంది. పాత కంప్యూటరు అయితే గంటలు పడుతుంది, ఓపిక పట్టండి. చివరికి వచ్చిన బొమ్మ తెరిస్తే దాదాపు నల్లగా ఉంటుంది. కంగారు పడవద్దు, వెలుగంతా ఆ నలుపులోనే ఉంది. వీధి చివరి చిల్లర కొట్టు అమ్మకాలనూ, పెద్ద కంపెనీ అమ్మకాలనూ ఒకే గ్రాఫు మీద గీస్తే చిల్లర కొట్టు గీత నేలకు అంటుకుపోతుంది. గ్రాఫు కొలమానం మార్చి కింది భాగాన్ని సాగదీస్తే రెండూ కనిపిస్తాయి. దీన్నే స్ట్రెచింగ్ అంటారు. ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు చేయాలి. ప్రతిసారీ హిస్టోగ్రాం చూసుకోవాలి. గుట్ట ఎడమ అంచుకు తగిలితే మసక వెలుగు శాశ్వతంగా పోయినట్టే. కుడివైపు అంచుకు తగిలితే నక్షత్రాల రంగు పోతుంది. ఎర్రని ఆరుద్ర, నీలి తెలుపు రైజెల్ రెండూ ఒకేలా తెల్లగా కనిపిస్తే ఎక్కడో ఎక్కువ లాగారన్నమాట. ఊళ్ళ దీపాల వల్ల ఒక పక్క వచ్చే కాషాయపు మసకను సిరిల్‌లోని బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ తీసేస్తుంది. చివరి మెరుగులకు గింప్ చాలు.

కొత్త ప్రోగ్రాములు కొన్ని లేని వివరాన్ని తామే గీసి పెడతాయి. కొన్ని ఫోన్లు చంద్రుణ్ణి గుర్తుపట్టి తమకు ముందే తెలిసిన వివరాలతో మెరుగుపరుస్తాయి. చూడటానికి బాగుంటుంది. నా దృష్టిలో అది దొంగ వోచరు. మీ ఫైళ్ళలో ఉన్నదాన్ని బయటికి తీయడం వేరు, లేనిదాన్ని రాయడం వేరు.

తల్లిదండ్రులు అసలు ఖర్చు పెట్టవలసింది ఎక్కడంటే, చీకటి మీద. నగరం నడిబొడ్డు ఆకాశానికీ, మంచి పల్లె ఆకాశానికీ వెలుగులో మూడు మాగ్నిట్యూడ్ల తేడా ఉండవచ్చు. ఒక్కో మాగ్నిట్యూడ్ సుమారు రెండున్నర రెట్లు. మూడంటే దాదాపు 16 రెట్లు. పల్లెలో 20 నిమిషాల్లో వచ్చే ఫలితానికి నగరంలో అందాజుగా 320 నిమిషాలు, అంటే అయిదు గంటలు దాటి పట్టాలి. లెన్సుకు పోసే డబ్బులో పదో వంతు బస్సు చార్జీలకు పెడితే ఎక్కువ లాభం. బెంగళూరులో, చెన్నైలో ఉన్న మన పిల్లలు సెలవులకు అమ్మమ్మ ఊరు వెళ్ళినప్పుడు కెమెరా తీసుకువెళ్ళండి. కోరాపుట్, రాయగడ వైపు వారికీ, సిరొంచ వైపు వారికీ ఆ అదృష్టం ఇంటి దగ్గరే ఉంది. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం 2024లో దేశంలో మొదటి డార్క్ స్కై పార్కుగా గుర్తింపు పొందింది. పెద్ద శాస్త్రవేత్తలు చేసిందీ ఇదే. హైదరాబాదులో నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన తండ్రి దగ్గర ఆకాశం చూడటం నేర్చిన వైనుబప్పు, 1949లో హార్వర్డ్‌లో చదువుతూ తీసిన ఫొటో ప్లేటు మీద కొత్త తోకచుక్కను కనిపెట్టారు. తరువాత ఆయన మంచి చీకటి కోసం వెతికి ఎంచుకున్న చోటు తమిళనాడులో వాణియంబాడి దగ్గరి కావలూరు. ఇప్పుడక్కడ ఆయన పేరుతోనే 2.34 మీటర్ల టెలిస్కోపు ఉంది.

రోజు ఎంచుకోవడానికి ఇంట్లో పంచాంగం చాలు. అమావాస్యకు అటు ఇటు నాలుగైదు రోజులు మంచివి. మార్గశిర పౌర్ణమికి చంద్రుడు మృగశిర దగ్గరే ఉంటాడు, నెల పేరే దాన్నిబట్టి వచ్చింది. ఆ రాత్రి ఈ ఫొటోకు పనికిరాదు. పిల్లల్ని ఒంటరిగా పంపవద్దు. పగలు మాత్రం తగిన సోలార్ ఫిల్టర్ లేకుండా కెమెరాను గానీ, బైనాక్యులర్‌ను గానీ సూర్యుడి వైపు తిప్పనే కూడదు. కన్ను పోతుంది.

ఇదంతా ఒక చలికాలం చేసి, ఇంకా ఆసక్తి నిలిచి ఉంటే, అప్పుడు కూడా టెలిస్కోపు వద్దు. ఆకాశంతోపాటు కెమెరాను తిప్పే ట్రాకర్ కావాలి. కొన్నది ఖరీదు ఎక్కువ. వడ్రంగి చేత చేయించుకోవచ్చు. రెండు చెక్కలను తలుపు రెక్కలా మడతబందుతో కలపాలి. బందు ఇరుసు నుంచి సరిగ్గా 22.9 సెంటీమీటర్ల దూరంలో ఎం6 రకం మరకడ్డీ ఒకటి కింది చెక్క గుండా పై చెక్కను ఎత్తేలా అమర్చాలి. ఎం6 కడ్డీ ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు ఎక్కుతుంది. నిమిషానికి ఒక చుట్టు చొప్పున, గడియారం సెకండ్ల ముల్లు చూస్తూ చేత్తో తిప్పితే పై చెక్క భూభ్రమణ వేగంతోనే లేస్తుంది. కడ్డీ దూరం ఎందుకు అంతే ఉండాలో పదో తరగతి దాటినవారు లెక్కగట్టి చూడండి. బందు ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు చూపాలి. ధ్రువుడి ఎత్తు మీ ఊరి అక్షాంశమే: బెంగళూరు, చెన్నైలలో 13 డిగ్రీలు, యానాంలో దాదాపు 17, షోలాపూర్‌లో పావు తక్కువ 18, బరంపురంలో 19 చిల్లర. 4 సెకండ్ల ఫొటో దీనితో ఒక నిమిషానికి పెరుగుతుంది.

టెలిస్కోపు పెట్టె మీద 525 రెట్లు అని రాసి ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి. 60 మి.మీ. కటకం ఎంత మంచిదైనా 120 రెట్లు దాటితే మసకే మిగులుతుంది. మిల్లీమీటరుకు రెండు రెట్లు అని గుర్తుపెట్టుకోండి.

కెమెరా కూడా కొనలేని ఇళ్ళున్నాయి. వాళ్ళు ఏమీ పోగొట్టుకోనక్కరలేదు. హబుల్ టెలిస్కోపు ఫైళ్ళు, గురుగ్రహం చుట్టూ తిరిగే జూనో వ్యోమనౌక కెమెరా పంపిన ఫొటోలు, మన చంద్రయాన్-2 డేటా ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. 2019 సెప్టెంబరులో విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలింది. నాసా ఉపగ్రహం తీసిన ఆ ప్రాంతపు ఫొటోలను, కూలకముందువీ తరువాతవీ పక్కపక్కన పెట్టి చెన్నైలో ఇంజనీరుగా పనిచేస్తున్న షణ్ముగ సుబ్రమణియన్ గాలించారు. ముందు లేని ఒక చిన్న తెల్ల చుక్క కనిపించింది. నాసాకు రాశారు. అది ల్యాండర్ శకలమేనని ఆ డిసెంబరులో నాసా ఆయన పేరు చెప్పి మరీ ప్రకటించింది. ఆయన దగ్గర ఉన్నది కంప్యూటరు, ఓపిక. ఇంజనీరింగ్, బి.ఎస్సీ. చదివే పిల్లలు పైథాన్ నేర్చుకుంటే, మధ్యగతం తీసే స్టాకింగ్ ప్రోగ్రామును పదిపదిహేను వరసల్లో తామే రాయవచ్చు. వానాకాలం ఇందుకు మంచి సమయం, ఆకాశం ఎలాగూ కనిపించదు.

వచ్చే మార్చిలోగా ఎవరైనా ఎం 42 ఫొటో తీస్తే ట్రస్టు ఆఫీసుకు పంపండి, బులెటిన్‌లో వేయిస్తాం. ఫొటో వెనక ఊరు, తేదీ, లెన్సు, ఐ.ఎస్.ఓ., ఒక్కో ఫొటో ఎన్ని సెకండ్లు, మొత్తం ఎన్ని, డార్క్‌లు ఎన్ని, ఏ సాఫ్ట్‌వేరు అన్నది రాయాలి. స్టాక్ చేయకముందు తీసిన ఒక్క ఫొటో కూడా జతచేయండి. రెండూ పక్కపక్కన అచ్చువేస్తేనే చదివేవారికి తేడా తెలుస్తుంది.